తొమ్మిది నిమిషాల మోత

మండల ప్రజలకు తెలియజేయడమేమనగా, ప్రత్యేకాధికారి శ్రీ శ్రవణ్ కుమార్ గారి కరెంటు బండికి కంపెనీవారు బిగించి ఇచ్చిన కొత్త చక్రాలు, కొత్త టైర్లు ఊడదీసి, వాటి స్థానంలో మరమ్మతు చేసిన పాత చక్రాలు, ఒకరు వాడి వదిలేసిన పాత టైర్లు అమర్చడం జరిగింది. దీంతో మండల పరిపాలనలో నలభై రోజులుగా ఏర్పడిన అంతరాయం తొలగిపోయింది. ఈ శుభకార్యం కోసం ఏర్పడిన వాహన శబ్ద పునరుద్ధరణ సమితికి నేను కార్యదర్శిని. ఆడపిల్లల హాస్టల్లో రికార్డులు రాసే నన్ను, చేతిరాత గుండ్రంగా ఉంటుందని వేసుకున్నారు. అంతకుమించి నాకు వేరే అర్హత లేదు, సమితిలో ఎవరికీ లేదు.

మండలం పేరు రాయను. నాగర్‌కర్నూలు దాటి నల్లమల వైపు పోతుంటే ఎక్కడో తగులుతుంది. ఎవరికి వారు ఇది మాది కాదులే అనుకుంటే ఎవరికీ బాధ ఉండదు.

మండల కేంద్రం నుంచి మా ఊరికి రావాలంటే ఒక కొండగట్టు ఎక్కి దిగాలి. రోడ్డు ఆ గట్టు చుట్టూ మెలికలు తిరుగుతుంది. సెల్‌ఫోన్ సిగ్నలు గట్టు అవతలే ఆగిపోతుంది. కాబట్టి సార్ తనిఖీకి వస్తున్నారన్న కబురు మాకు ఏనాడూ ఫోన్లో రాలేదు, జీపు మోతలో వచ్చింది. పాత డీజిల్ జీపు గట్టు మీదికి చేరగానే ఊరంతా వినిపించేది. అక్కడి నుంచి మెలికలన్నీ దిగి ఊళ్లోకి రావడానికి తొమ్మిది నిమిషాలు పట్టేది. మా ఊళ్లో ప్రభుత్వం పనిచేసేది ఆ తొమ్మిది నిమిషాలూ, ఆ తర్వాత సార్ ఉన్నంతసేపూ. మోత వినగానే ఆడపిల్లల హాస్టల్లో కంచాల్లోకి గుడ్లు వచ్చేవి, బడిలోకి పంతులు వచ్చేవాడు, రేషన్ దుకాణం తాళం ఊడేది, ఉపాధి పని దగ్గర నీడలో పడుకున్నవాళ్లు లేచి గడ్డపారలు పట్టుకునేవాళ్లు. సార్ వచ్చి, చూసి, సంతృప్తి వ్యక్తం చేసి వెళ్లేవారు. ఇరవై ఏళ్లలో ఆరుగురు సార్లు మారారు. సంతృప్తి మాత్రం మారలేదు.

అలాంటి సమయంలో పర్యావరణాన్ని కాపాడాలని పైనున్నవారికి తోచింది. పాత జీపును షెడ్డులో పడేసి, కరెంటుతో నడిచే పెద్ద తెల్ల బండి పంపించారు. పొగ లేదు, మోత లేదు. దాని టైర్ల లోపల చప్పుడు పీల్చుకునే స్పాంజి కూడా ఉందట. డ్రైవర్ శ్రీశైలం మొదటిరోజు బండి స్టార్టయిందో లేదో తెలియక మూడుసార్లు దిగి ముందుభాగానికి చెవి ఆనించి విన్నాడు. నాలుగోసారి బండి కదిలింది. ఆ కదలడమే మా కొంప ముంచింది.

బండి గట్టు దిగింది, మెలికలు తిరిగింది, హాస్టల్ గేటు ముందు ఆగింది. ఊళ్లో కుక్క కూడా మొరగలేదు. శ్రవణ్ కుమార్ గారు దిగి, పాత అలవాటు ప్రకారం నవ్వుకుంటూ నేరుగా భోజనాల వరండాలోకి వెళ్లారు. అక్కడ పిల్లలు తింటున్నారు. వార్డెన్ పద్మావతి గారు లేరు. సార్ తప్పేమీ లేదు. ఆయన ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగారు.

"ఏం తింటున్నారమ్మా?"

ఈ ప్రశ్నకు ఇరవై ఏళ్లుగా ఒకటే జవాబు. సార్ ఆ జవాబు కోసం తల ముందే ఊపడం మొదలుపెట్టారు కూడా. వరుసలో మొదట కూర్చున్న పదో తరగతి పిల్ల, మానస అని, కంచం వంక చూసి నిజం చెప్పింది.

"చారు, సార్."

సార్ తల ఊపడం మధ్యలో ఆగిపోయింది. పాపం, ఆయనకు ఏం చేయాలో తోచలేదు. చూశాక రాయాలి, రాశాక పంపాలి, పంపాక చర్య తీసుకోవాలి. ఆ పూట ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదని శ్రీశైలం చెప్పాడు. మనిషి చెడ్డవాడు కాదు. తనిఖీకి పోయి నిజం చూడాల్సి వస్తుందని ఉద్యోగంలో చేరేటప్పుడు ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే.

అప్పటి నుంచి సార్ ఎక్కడికి వెళ్లినా అదే దురదృష్టం. బడికి వెళ్తే పంతులు వరండాలో నిలబడి నాగర్‌కర్నూలు శివారులో ప్లాట్ల గురించి గట్టిగా వివరిస్తున్నాడు. పిల్లలు శ్రద్ధగా వింటున్నారు, తూర్పు ముఖం ప్లాటుకు రేటు ఎక్కువని వాళ్లకు అప్పుడే తెలిసింది. ఉపాధి పనికి వెళ్తే హాజరు మస్టర్లో అరవై నలుగురు, మట్టి దగ్గర మూడు గడ్డపారలు, ఒక మేక. ఆ అరవై నలుగురిలో ఇద్దరు కిందటి ఏడే పోయారు, అయినా పనికి రావడం మానలేదు. దవాఖానకు వెళ్తే డాక్టరు గారి కుర్చీకి తువ్వాలు కప్పి ఉంది. తువ్వాలు కప్పి ఉంటే డాక్టరు గారు ఉన్నట్టేనని నర్సు వివరించింది. దారిలో కృష్ణయ్య ఎదురై, దూరం నుంచే బండి నంబరు చదివి, సార్‌కు నమస్కారం పెట్టాడు. కృష్ణయ్య తొమ్మిదేళ్లుగా అంధుల పింఛను తీసుకుంటున్నాడు.

నలభై రోజుల్లో సార్ ఇరవై మూడు నివేదికలు రాయాల్సి వచ్చింది. జిల్లా నుంచి ఫోన్ వచ్చింది. ఒక్క మండలం నుంచే ఇన్ని లోపాలు వస్తే మిగతా మండలాల వాళ్లు పనిచేయడం లేదనుకోరా అని పైసార్ అడిగారు. బండి సంగతి చూసుకోమని కూడా నోటిమాటగా చెప్పారు. కాగితం మీద అయితే పర్యావరణం అడ్డం వస్తుంది.

ఊరి సిబ్బంది బాధ అంతకన్నా ఎక్కువ. బండి ఏ క్షణాన వస్తుందో తెలియదు కాబట్టి ప్రతిరోజూ పనిచేయాల్సి వచ్చింది. పంతులు వరుసగా పదహారు రోజులు పాఠం చెప్పి గొంతు పోగొట్టుకున్నాడు. రేషన్ డీలరు తూకం సరిగ్గా వేసి వేసి భుజం నొప్పని పట్టు వేయించుకున్నాడు. పద్మావతి గారి పరిస్థితి మరీ అన్యాయం. ఆవిడ గుడ్లను పిల్లల మీద ప్రేమతో తన ఇంట్లోనే భద్రపరిచేవారు. పొద్దునే ఉడకబెట్టించి, మధ్యాహ్నం దాకా జీపు మోత కోసం ఎదురుచూసేవారు. రాకపోతే అవి వృథా కాకూడదని బస్టాండు దగ్గర మరిది బండి మీద గుడ్డు బజ్జీలయ్యేవి. ఇప్పుడు నలభై రోజులుగా గుడ్లన్నీ నేరుగా పిల్లల కడుపుల్లోకే పోతున్నాయి. బజ్జీల బండి మూతపడింది. ఒక కుటుంబం రోడ్డున పడింది.

దీనివల్ల లాభపడ్డది ఎస్తేరమ్మ ఒక్కతే. ఈమె మానస తల్లి. కూలి పని. భర్త పోయాక ఏటా దసరా వెళ్లగానే గుంపు మేస్త్రీ వెంట పుణె వెళ్లి, అపార్ట్‌మెంట్ల దగ్గర ఇసుక మోసి, ఎండాకాలానికి తిరిగొస్తుంది. పోయిన ఏడు తిరిగొచ్చేసరికి పిల్ల జిల్లా దవాఖానలో ఉంది. ఒంట్లో ఆరు గ్రాముల రక్తమే ఉందన్నారు. పదికి రాకపోతే పిల్లను వదిలి ఎక్కడికీ పోవద్దని అక్కడి డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఈ ఏడు ఎస్తేరమ్మ లెక్క ఒకటే. దసరాలోపు పిల్ల రక్తం పదికి వస్తే హాస్టల్లో ఉంచి పోతుంది, పిల్ల పదో తరగతి పరీక్ష రాస్తుంది. రాకపోతే చదువు మాన్పించి వెంట తీసుకుపోతుంది. ప్రతి ఆదివారం చర్చి నుంచి నేరుగా హాస్టలుకు వచ్చి, పిల్లను ఎండలో నిలబెట్టి, కంటి కింది రెప్ప లాగి ఎర్రగా ఉందో లేదో చూసుకునేది. కరెంటు బండి వచ్చిన నలభై రోజులకు పరీక్ష చేయిస్తే ఎనిమిదైంది. ఆమె ఆ చీటీని రవికెలో పెట్టుకుని తిరిగింది.

బండి సమస్య మీద గ్రామసభ జరిగింది. మా ఊరి గ్రామసభలో మనుషులు ఉండటం ఎనిమిదేళ్లలో అదే మొదటిసారి. శ్రవణ్ కుమార్ గారు కూడా వచ్చారు. పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలన్నది మామూలుగా ఎలుకలకు వచ్చే సమస్య. మా దగ్గర పిల్లే మెడ చాచి, ఎవరైనా కట్టండయ్యా అని అడిగింది.

హారన్ కొట్టుకుంటూ వస్తే సరిపోతుంది కదా అని ఎవరో అన్నారు. సార్ ఒప్పుకోలేదు. హారన్ కొడితే ముందుగా హెచ్చరించినట్టు అవుతుంది, అది నిబంధనలకు విరుద్ధం. టైర్ల మోత అయితే ప్రకృతి సహజం. దాన్ని ఎవరైనా విని జాగ్రత్తపడితే అందులో అధికారి తప్పేముంది? ఈ వాదనలోని లోతుకు సభ చప్పట్లు కొట్టింది. పాత టైర్లు తిరిగి వాడటం పర్యావరణానికి కూడా మంచిదని పంతులు బొంగురు గొంతుతో గుర్తుచేశాడు.

ఊరంతా ఒకే మాట మీద ఉంది. ఎందుకుండదు? మస్టర్లో అందరి పేర్లూ ఉన్నాయి, అందరి రేషన్ కార్డుల్లోనూ ఇంట్లో లేనివాళ్లు ఉన్నారు. ఎస్తేరమ్మ ఒక్కతే లేచింది.

"సారూ, జర దసరా దాంక ఆగుండ్రి. నా బిడ్డ ఒంట్ల రక్తం ఎక్కుతున్నది. మీ బండి సప్పుడు లేకుండ వస్తుంటే దినాం గుడ్డు ఏస్తున్నరు. రెండు గ్రాములు పెరిగింది. ఇంకో రెండు పెరిగితే నేను పోత. ఎనుక మీరు బండికి ఏ టైర్లన్న ఏసుకోండ్రి, గంటలన్న కట్టుకోండ్రి."

"ఏందే ఎస్తేరీ, నీ ఒక్క పిల్ల కోసం ఊరంత పరేషాన్ కావాల్నా?" అన్నాడు కృష్ణయ్య. "నేను దినాం నల్లద్దాలు పెట్టుకోని కూసుంటున్న. కండ్లు మండుతున్నయి నాకు."

శ్రవణ్ కుమార్ గారు చేయెత్తి శాంతింపజేశారు. "అమ్మా, నీ బాధ ప్రభుత్వానికి అర్థమైంది. ఒక తల్లిగా నీ ఆవేదనను సభ తరఫున రికార్డు చేస్తున్నాం" అన్నారు. నేను రికార్డు చేశాను. తీర్మానం ఏకగ్రీవమని కూడా కిందనే రాశాను.

సమితి శాస్త్రీయంగా పనిచేసింది. ఎవరికి ఎంత సమయం కావాలో ముందు సేకరించాం. గడ్డపార పట్టుకోవడానికి రెండు నిమిషాలు, రేషన్ దుకాణం తెరవడానికి నాలుగు, ప్లాటు బేరం మధ్యలో ఆపి బడికి రావడానికి ఏడు, వార్డెన్ గారింటి నుంచి హాస్టలుకు అరవై రెండు గుడ్లు మోయడానికి తొమ్మిది. డాక్టరు గారు మహబూబ్‌నగర్ నుంచి రావాలి కాబట్టి ఆయనకు రెండు గంటలు కావాలి. అంత ముందుగా వినిపించే టైరు ప్రపంచంలో తయారు కాలేదని చెప్పి, సమితి ఆయనకు విచారం తెలిపింది. తొమ్మిది నిమిషాలు ఖాయం చేశాం.

వనపర్తిలో మల్లన్న టైర్ల దుకాణానికి వెళ్లాం. దుకాణం వెనుక దొడ్డినిండా పాత చక్రాల గుట్ట. గద్వాల వైపు పత్తి విత్తనాల ఏజెంట్లు తొక్కి తొక్కి వదిలేసిన జీపు చక్రాలు, ఇటిక్యాల దగ్గర పెద్దరోడ్డు మీద పల్టీ కొట్టిన బండ్లవి, రాజోలి పక్క ఇసుక మోసినవి, ఎన్నికల్లో ఓడిపోయినాయన కాన్వాయ్‌వి అన్నీ ఉన్నాయి. వంగిన రిమ్ములను కొట్టి సాపు చేసి, పగుళ్లు వెల్డింగ్ పెట్టి, వెండిరంగు కొట్టి కొత్తవాటిలా నిలబెట్టాడు. మేం సంగతి చెప్పాం. మల్లన్న చేతిలో సుత్తి కింద పెట్టాడు.

"సార్, ముప్పై ఏండ్లసంది ఇదే పని చేస్తున్న. మోత తగ్గియ్యమని వస్తరు గని, మోత పెంచమని వచ్చినోళ్లు మీరే ఫస్ట్."

"ఇది ప్రభుత్వ పని" అన్నాడు పంతులు.

"గట్లనా. అయితే సరే" అని మల్లన్న వెంటనే అర్థం చేసుకున్నాడు. అయినా మనిషి నిజాయితీపరుడు, చెప్పాల్సింది చెప్పాడు. "గీ బండి కింద బ్యాటరీ ఉన్నది, మస్తు బరువు. గీ టైర్లు గంత బరువు ఆపవు. బోల్టుల తూట్లు గూడ కలువయి. ఛార్జింగు గూడ సగం సగమే వస్తది. జాన్‌కు ఖతరా సార్."

బరువు గురించి, ప్రాణాల గురించి ఆలోచించడం సమితి పరిధిలో లేదు. మాకు కావలసింది మోత. మల్లన్న ఒక్కొక్క టైరును దొర్లించి చూపించాడు. అంచులు రంపం పళ్లలా అరిగినవి ఎక్కువ ఏడుస్తాయన్నాడు. అలాంటివే నాలుగు ఏరుకున్నాం. బోల్టుల రంధ్రాలు కుదరకపోతే కుదిరేదాకా తొలిచాడు. చక్రం అదరకుండా అంచుకు సీసం ముక్కలు అంటించబోతే వద్దన్నాం. నాలుగు చక్రాలూ ఒక తీరుగా తిరిగేలా సరిచేస్తానంటే అది కూడా వద్దని రాసిచ్చాం. మల్లన్న ఆ కాగితం మడిచి, దుకాణంలో దేవుడి పటం వెనుక పెట్టాడు. కొత్త టైర్లను సార్ బావమరిది బండికి బిగించి భద్రపరిచాం.

పరీక్ష రోజు ఊరంతా పండుగ. చక్రానికి ఒకటి చొప్పున నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. శ్రీశైలం బండిని గట్టు అవతలికి తీసుకుపోయాడు. మేం హాస్టల్ గేటు దగ్గర గడియారం పట్టుకుని నిలబడ్డాం. కాసేపటికి గట్టు మీద నుంచి హూఁ... అని ఒక మోత లేచింది. ఇంజన్ చప్పుడు లేకుండా టైర్లు మాత్రమే ఏడ్చే మోత. అలాంటిది ఈ చుట్టుపక్కల ఇంకే బండికీ లేదు. బండి గేటు ముందుకు వచ్చేసరికి తొమ్మిది నిమిషాల పది సెకన్లు. పద్మావతి గారు కళ్లొత్తుకున్నారు.

ఆ తర్వాత అంతా మామూలైపోయింది. ఒకసారి ఛార్జింగుతో అంతకుముందు తిరిగిన దూరంలో సగమే తిరుగుతోంది కాబట్టి అడవిలోపలి మూడు చెంచు పెంటలకు, అంటే గూడేలకు, సార్ వెళ్లడం మానేశారు. అక్కడ అంతా బాగానే ఉందని ఇక్కడి నుంచే రాస్తున్నారు. పదిరోజులకో, పన్నెండు రోజులకో మోత వచ్చేది. ఆ పూట పిల్లలకు గుడ్డు. మిగతా రోజుల్లో చారు. బజ్జీల బండి మళ్లీ తెరిచారు, మేమందరం వెళ్లి తిన్నాం. రుచిగానే ఉన్నాయి.

మూడో ఆదివారం ఎస్తేరమ్మ పిల్ల రెప్ప లాగి చూసింది, ఎరుపు తగ్గింది. గుంపు మేస్త్రీ దగ్గరకు పోయి, మొదటి జట్టుతో రాలేను, తర్వాతి జట్టుతో వస్తానని చెప్పింది. ఆ తర్వాత తమ్ముడు శివ ఇంటికి పోయింది.

శివకు ఒక పాత జీపు ఉంది. పొద్దున కూలీలను మిరప చేల దగ్గర దింపి, పన్నెండింటికి ఖాళీగా గట్టు మీదుగా తిరిగి వస్తాడు. మా వైపు డ్రైవర్లందరిలాగే అతనికీ ఒక అలవాటుంది. దిగుడు రాగానే డీజిల్ మిగులుతుందని ఇంజన్ బంద్ చేస్తాడు, బండి దానంతటదే దొర్లుతుంది. బ్రేకులు ఉన్నాయా అని అడిగితే ఇప్పటిదాకా అవసరం పడలేదంటాడు.

ఎస్తేరమ్మ ఆలోచించినంత దూరం సమితిలో ఎవరం ఆలోచించలేదు. మేం బండికి మోత ఉండాలనుకున్నాం. మోతకు బండి అక్కర్లేదని ఆమెకు తట్టింది. శివ జీపుకు వెనుక టైర్లు ఎలాగూ అరిగిపోయాయి. ఇద్దరూ వనపర్తి వెళ్లి మల్లన్నను అడిగారు. సర్కారోళ్లు తీసుకున్న రకమే కావాలన్నారు. మల్లన్న అదే గుట్టలో నుంచి రెండు తీసి బిగించాడు.

మర్నాడు పన్నెండింటికి గట్టు మీద మోత లేచింది. ఇంజన్ చప్పుడు లేని మోత. పద్మావతి గారు బుట్ట పట్టుకుని పరుగెత్తారు. అరవై రెండు కంచాల్లో అరవై రెండు గుడ్లు పడ్డాయి. శివ రెండో మెలిక దగ్గర చేల బాటకు మళ్లి వెళ్లిపోయాడు. ఇక్కడ అందరూ గేటు వంక చూస్తూ నిలబడ్డారు, బండి రాలేదు. ఛార్జింగు అయిపోయి వెనక్కి మళ్లి ఉంటారని పంతులు తేల్చాడు. ఈలోగా పిల్లలు గుడ్లు తినేశారు. కంచంలో పడ్డ గుడ్డును తిరిగి ఎలా తీసుకోవాలో ఏ ఉత్తర్వులోనూ లేదు.

రెండో రోజూ మోత వచ్చింది. మూడో రోజూ వచ్చింది. సార్ బండి బ్యాటరీ మీద ఊళ్లో జాలి పెరిగింది. కానీ ఏ రోజు నిజంగా వస్తారో ఎవరు చెప్పగలరు? కాబట్టి రోజూ గుడ్డు, రోజూ పాఠం, రోజూ తూకం. ఉపాధి పని దగ్గర పన్నెండు గంటల ఎండలో అరవై రెండు మంది లేచి గడ్డపార పట్టాల్సి వచ్చింది. మిగతా ఇద్దరి సంగతి మీకు తెలుసు. వారంలో చెరువు కాలువ నిజంగానే తవ్వడం అయిపోయి నీళ్లు పారాయి. కాలువ పూర్తయితే వచ్చే ఏడు పనేముంటుందని జనం దిగులుపడ్డారు.

ఇరవై ఆరు రోజులు నడిచింది. చివరికి కృష్ణయ్య తట్టుకోలేకపోయాడు. నల్లద్దాలు తీసి పారేసి గట్టెక్కాడు. ఒక బండ మీద కూర్చుని, అర కిలోమీటరు దూరం నుంచి శివ జీపును, వెనుక టైర్లను, డ్రైవర్ పక్కన కూర్చున్న ఎస్తేరమ్మను, ఆమె చీర రంగును కూడా స్పష్టంగా చూశాడు. ఈ మేరకు ఆయన కళ్లారా చూసిన సాక్షిగా వాంగ్మూలం ఇచ్చాడు. నేను రాసుకున్నాను. సాక్షి వివరాల దగ్గర వృత్తి అని ఉంటే, అంధుల పింఛనుదారు అని నింపాను.

విచారణకు ఊరంతా వచ్చింది. నేరానికి పేరు పెట్టడం కష్టమైంది. చివరికి, ప్రభుత్వ మోతను అనుమతి లేకుండా మోగించి, తద్వారా ప్రభుత్వ సిబ్బంది చేత అకారణంగా విధులు నిర్వర్తింపజేయుట అని ఖాయం చేశాం. శ్రవణ్ కుమార్ గారు లేచి మాట్లాడారు. ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది.

"సోదర సోదరీమణులారా! మోత అనేది ప్రజలకూ ప్రభుత్వానికీ మధ్య ఉన్న నమ్మకం. ఇవాళ ఎవరో ఒకరు మోత చేశారు, మీరు పని చేశారు. రేపు ఇంకొకరు చేస్తారు. రోజూ మోత వస్తే రోజూ పని చేయాలి. రోజూ పని జరిగితే ఇక తనిఖీ దేనికి? తనిఖీ లేకపోతే నేను దేనికి? ఆలోచించండి! ఇది ఒక గుడ్డు సమస్య కాదు. వ్యవస్థ సమస్య."

జనం ఆలోచించారు. నిజమేననిపించింది. ఎస్తేరమ్మను, నువ్వు ఈ పని చేశావా అని అడిగారు.

"చేసిన సారూ. ఇరవై ఆరు దినాలు. నా బిడ్డ ఇరవై ఆరు గుడ్లు తిన్నది. నా బిడ్డనే గాదు, అరవై రెండు మంది పిల్లలు తిన్నరు. వాండ్లు మీ పిల్లలు గాదా? ఎనిమిదున్న రక్తం తొమ్మిదిన్నరైంది." రవికెలోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టింది. "ఇంకో పది దినాలైనంక పట్టుకుంటే మీకేం పోయేది?"

ఎవరూ ఆ చీటీని ముట్టుకోలేదు. ఆ అరవై రెండు మందిలో ముగ్గురి తండ్రులు ముందు వరుసలోనే కూర్చున్నారు, వాళ్లు కూడా చెప్పుల వంక చూసుకుంటున్నారు. నాకు సిగ్గేసింది. నిజంగానే వేసింది. గ్లాసుడు నీళ్లు తాగి, తీర్మానం రాయడానికి కలం మూత తీశాను.

ప్రభుత్వం దయగలది. ఆమెకు శిక్షేమీ వేయలేదు, ఇకపై మోత చేయనని కాగితం మీద వేలిముద్ర తీసుకుని వదిలేశారు. శివ జీపు వెనుక టైర్లను సాక్ష్యంగా జప్తు చేశారు. తీర్మానం కింద నూట పద్నాలుగు సంతకాలు పడ్డాయి. మర్నాడు మధ్యాహ్నం ఊరంతా ప్రశాంతంగా ఉంది. హాస్టల్లో చారు వడ్డించారు.

నాలుగు రోజుల తర్వాత ఎస్తేరమ్మ పిల్ల పెట్టె తీసుకుపోవడానికి వచ్చింది. పుణె జట్టు ఆ సాయంత్రమే బయలుదేరుతోంది. ఆమె గేటు బయటే నిలబడింది, లోపలికి రాలేదు. మానస మాత్రం నా బల్ల దగ్గరకు వచ్చింది. హాస్టల్ రికార్డులన్నీ రాసేది నేనే కదా.

"సార్, టీసీ ఇస్తరా? ఆడ ఏదన్న బడి ఉంటే చేర్త."

టీసీ ఇస్తే అరవై రెండు అరవై ఒకటవుతుంది. సంఖ్య తగ్గితే బియ్యం తగ్గుతాయి, గుడ్లు తగ్గుతాయి, ఎందుకు తగ్గిందని పైనుంచి కాగితం వస్తుంది. ఇవన్నీ పిల్లకు చెప్పడం బాగుండదు.

"టీసీ ఎందుకమ్మా? నీ పేరు ఇక్కడే ఉంటుంది. రోజూ హాజరు వేస్తాను" అన్నాను.

"నేను ఉండను గద సార్?"

"నువ్వు లేకపోయినా నీకేం లోటు రానివ్వం."

పిల్ల నమస్తే సార్ అని, పెట్టె నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాను. ఈ నెలలో మానస ఒక్కరోజు కూడా హాస్టల్ మానలేదు. మెనూ ప్రకారం గుడ్లన్నీ తిన్నది. పదో తరగతి పరీక్ష ఫీజు కట్టిన జాబితాలో ఆమె పేరు ఉంది. పోయిన వారం నింపిన ఆరోగ్య కార్డులో ఆమె రక్తం పన్నెండుకు చేరింది. మండలంలో ఏ హాస్టల్లోనూ ఇంత వృద్ధి లేదని శ్రవణ్ కుమార్ గారు వార్డెన్ గారికి శాలువా కప్పారు. ఆ ఫోటో పేపర్లో పడింది, మీరు చూసే ఉంటారు. పుణెలో ఇసుక మోస్తున్న మానసకు ఎంత రక్తం ఉందో నాకు తెలియదు. ఎస్తేరమ్మ ఫోన్ నంబరు నా దగ్గరుంది, చేయలేదు. ఇదంతా పేర్లతో సహా ఇంత వివరంగా రాస్తున్నావే, భయం లేదా అని మీరు అడగవచ్చు. లేదు. చదివాక మీరూ ఎవరికీ ఫోన్ చేయరని నాకు తెలుసు.